ఏ కమ్రాకు ఏ రోష్నీ

ఉర్దూలో వెలుగుకు ఎన్ని మాటలున్నాయో లెక్కపెడితే చేతి వేళ్లు చాలవు. రోష్నీ, ఉజాలా, నూర్, జియా, తాబ్, చమక్, చాందినీ... చిరాగ్ నుంచి వచ్చేది వేరు, చాంద్ నుంచి వచ్చేది వేరు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక వెలుగు, వెలుతురు, కాంతి, దీప్తి, ప్రభ అంటూ ఇంకో సంచీ నిండింది. ఇన్ని మాటలు మూటగట్టుకుని ట్రూప్ బజార్‌లో బల్బుల దుకాణం ముందు నిలబడితే, కౌంటర్ వెనకున్న కుర్రాడు తలెత్తకుండా రెండే మాటలు అడిగాడు. "వైటా, ఎల్లోనా?"

రంజాన్‌కు ముందు ఇంటికి సున్నాలు, రంగులు వేయించాం. పాత వైరింగు తీయించి కొత్తది వేయించాం. మిస్త్రీ కాగితం మీద పధ్నాలుగు పాయింట్లు రాసిచ్చి బల్బులు తెచ్చుకోమన్నాడు. ఇంట్లో ముషాయిరా మొదలైంది. ఆపా ఫోనులోనే తీర్పు చెప్పేసింది: "పీలా బల్బ్ నక్కో రే, గరీబీ దిఖ్‌తీ." మా అమ్మాయికి మాత్రం రీల్స్‌లో చూపించే పసుపు వెలుగే కావాలి. బావర్చీఖానా సంగతి నువ్వు మాట్లాడొద్దని బేగం ముందే చెప్పేసింది. చివరగా అమ్మీని అడిగాను. తస్బీ తిప్పుతూ నింపాదిగా అంది, "కుచ్ భీ లగా దే రే, మేరే కూ కౌన్సా దిఖ్‌తా."

ఏదో ఒకటి పెట్టు, నాకు ఏం కనబడుతుందని. ఆ మాట నన్ను పట్టుకుంది. రెండు దశాబ్దాలుగా ఊరందరి సంగతులూ రాసేవాణ్ని. మా ఇంట్లో అమ్మీకి ఏం కనబడుతోంది, ఏం కనబడటం లేదు అన్నది కూడా ఒక ఖబరే కదా. కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

బల్బు డబ్బా మీద 2700కె, 4000కె, 6500కె అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కె అంటే కెల్విన్. ఉష్ణోగ్రతకు కొలత. మేం ఉర్దూ మీడియంలో దర్జా-ఎ-హరారత్ అని చదువుకున్నాం. వెలుగు రంగుకు హరారత్‌తో ఏం పని? లోహార్ దుకాణం గుర్తు చేసుకోండి. కొలిమిలో ఇనుము కాలేటప్పుడు ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు, ఇంకా కాలితే తెలుపు. అంటే వేడి పెరిగేకొద్దీ వెలుగు తెలుపు వైపు, ఆ పైన నీలం వైపు జరుగుతుంది. ఆ లెక్కన మోమ్‌బత్తీ వెలుగు సుమారు 1900, మన పాత ఫిలమెంట్ బల్బు 2700, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర. మన ఇళ్లలో వెలిగే తెల్ల ట్యూబులు, తెల్ల బల్బులు చాలావరకు 6500. తమాషా ఏమిటంటే, అంకె తక్కువగా ఉన్నదాన్ని దుకాణదారు వామ్ అంటాడు, ఎక్కువున్నదాన్ని కూల్ అంటాడు. సైన్సుకు గరం అయింది మన కళ్లకు సర్ద్.

ఎల్ఈడీ బల్బు నిజంగా అంత వేడెక్కదు, అది పోలిక మాత్రమే. దాని లోపల ఉండేది నీలం వెలుగునిచ్చే చిన్న చిప్. దాని మీద పసుపు పూత పూస్తారు. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. పూత పాళ్లు మారిస్తే వామ్ అవుతుంది. ఆ నీలం ఎల్ఈడీని కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. నీలాన్ని పసుపులోకి, ఎరుపులోకి మార్చే దారిలో కొంత వెలుగు ఖర్చవుతుంది. అందుకే అదే కరెంటుకు తెల్ల బల్బు కొంచెం ఎక్కువ వెలుగిస్తుంది.

ఆపా "గరీబీ" అన్నదాంట్లో మా ఖాందాన్ తారీఖ్ మొత్తం ఉంది. దాదీ ఇంట్లో కందీలు. రోజూ అసర్ అయ్యాక చిమ్నీని బూడిదతో తోమడం పిల్లల పని. తర్వాత కరెంటు వచ్చింది, దాంతోపాటు నలభై క్యాండిల్ బల్బు వచ్చింది. ఇల్లంతటికీ రెండు. వోల్టేజీ పడిపోతే ఆ బల్బు కూడా ఎర్ర దారంలా మిణుకుమనేది. మా గల్లీలో మొదటి ట్యూబ్‌లైటు ఒక సర్కారీ నౌకర్ ఇంట్లో వెలిగింది. సాయంత్రమైతే ఆ తెల్లటి వెలుగు కిటికీలోంచి గల్లీ సగందాకా పడేది. మేం ఆ వెలుగులో గోలీలాడేవాళ్లం. మా ఇంటికి ట్యూబు ఆపా షాదీకి వచ్చింది. తెలుపు అంటే తరక్కీ, పసుపు అంటే వెనకబాటు అని మా తరం మనసులో అప్పుడే పడిపోయింది.

2015 జనవరిలో కేంద్రం ఉజాలా పథకం పెట్టింది. కరెంటాఫీసుల దగ్గర చౌకగా ఎల్ఈడీ బల్బులు పంచారు. దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా బల్బులు పోయాయి. మా ఇంటికి వచ్చినవన్నీ తెల్లవే. కరెంటు బిల్లు తగ్గింది, ఎవరికీ ఏ షికాయత్ లేదు. ఇప్పుడు మళ్లీ గాలి తిరిగింది. పెద్ద హోటళ్లలో, ఖరీదైన ఫ్లాట్లలో ఎక్కడ చూసినా పసుపు వెలుగే. దాదీ ఇంటి కందీలు రంగును ఇప్పుడు డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు. అమీరీ, గరీబీ చూసి బల్బు కొంటే పదేళ్లకోసారి ఇంట్లో బల్బులన్నీ మార్చాల్సి వస్తుంది.

మరి దేన్ని చూసి కొనాలి? నేను అమ్మీ నుంచి మొదలుపెట్టాను.

అమ్మీకి రెండు కళ్లలో మోతియా బింద్. ఆపరేషన్‌కు ముందు షుగర్ తగ్గాలన్నారు డాక్టర్. నెలలు గడుస్తున్నాయి. ఫజర్ అయ్యాక తిలావత్ ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఈమధ్య ఆమె ఫజర్ కాగానే బాల్కనీలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటోంది. చల్లగాలి కోసం అనుకున్నాం. కాదు, ఎండ పేజీ మీదికి వచ్చేదాకా ఇంతెజార్ చేస్తోంది. మబ్బు పట్టిన రోజు తిలావత్ నాగా. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. హాల్లో నెత్తి మీద తెల్ల బల్బు ఉంది కదా అంటే, "ఆంఖాఁ చుభ్‌తీ రే" అంది. కళ్లలో గుచ్చుకుంటుందట.

మసకబారిన అద్దంలోంచి ఎదురుగా వచ్చే లారీ లైట్లు చూస్తే వెలుగంతా చెదిరిపోయి రోడ్డు కనబడదు కదా, మోతియా బింద్ ఉన్న కన్ను కూడా అంతే. ఎదురుగా బల్బు కనిపిస్తుంటే ఆ వెలుగు కన్నులోనే చెదురుతుంది. అక్షరం తేలిపోతుంది. అదీగాక వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, లోపలికి వెలుగు తక్కువ పోతుంది. అంటే ముసలి కళ్లకు వెలుగు ఎక్కువ కావాలి, కానీ ఆ వెలుగు కంట్లో కాదు, పేజీ మీద పడాలి. ఇంటి నెత్తిన ఇంకో పెద్ద తెల్ల బల్బు పెట్టినా ఈ పని కాదు.

టేబుల్ ల్యాంప్ ఒకటి, మూడు రంగుల బల్బులు తెచ్చాను. ల్యాంపు గొడుగు లోతుగా ఉండి బల్బు కంటికి కనపడనిది. దాన్ని అమ్మీ ఎడమ భుజం వెనక, కొంచెం ఎత్తులో పెట్టాను. ఏ బల్బు ఏదో చెప్పకుండా ఒకటి తర్వాత ఒకటి మార్చాను. ఒకే పేజీ మూడుసార్లు చదివించాను. 6500 పెట్టినప్పుడు అమ్మీ కళ్లు చికిలించింది, కాగితం మరీ మెరుస్తోందంది. 2700కి అక్షరాలు బాగానే కనపడ్డాయి గానీ జేర్, జబర్ కనబడలేదు. అరబీలో జేర్, జబర్ తప్పితే మాట మారిపోతుంది. ఆమె భయమంతా అదే. తప్పు చదవడం కంటే చదవకుండా కూర్చోవడం మేలని ఆగిపోయింది. 4000 పెట్టాక వేలు పేజీ మీద ఆగకుండా నడిచింది. ఒక రుకూ పూర్తయ్యేదాకా తలెత్తలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇది అందరి అమ్మీలకూ సరిపోయే లెక్క కాదు. ఇంకొకరికి 3000 నచ్చొచ్చు, ఇంకొకరికి 5000. మూడు బల్బులు తెచ్చి అడిగి చూడండి. ఖర్చు కొన్ని వందలు.

అమ్మీ గదిలో ఇంకో పని కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్లు రోజూ పాదాలు చూసుకోవాలి. చిన్న పుండు, ఎర్రదనం ఉన్నా వెంటనే పట్టుకోవాలి. ఎరుపు సరిగా కనపడని వెలుగులో ఆ పని కాదు. ఇక్కడ కెల్విన్ సరిపోదు, సీఆర్ఐ అనే ఇంకో అంకె కావాలి. వస్తువుల అసలు రంగును ఒక బల్బు ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పే కొలత అది. నూటికి ఎంత అని ఇస్తారు. పాత ఫిలమెంట్ బల్బుకు నూటికి నూరు. మామూలు ఎల్ఈడీలకు 80 దగ్గర ఉంటుంది. వాటిలో ముఖ్యంగా దెబ్బతినేది ఎరుపు. 90 దాటినవి కొంచెం ఖరీదు ఎక్కువే గానీ దొరుకుతాయి.

బావర్చీఖానాలో ఈ సంగతి బేగంకు నాకంటే ముందే తెలుసు, పేరు తెలియదంతే. బిర్యానీకి ప్యాజ్ వేయించేటప్పుడు ఆమె గరిటెతో నాలుగు ముక్కలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చూసేది. సునహరీ అయిందా, దాటిపోయిందా అన్నది బల్బు కింద తెలిసేది కాదు. గోష్త్ తాజాదా కాదా అని చూడటానికి కూడా కిటికీయే. రాత్రి దావత్ వంటకు కిటికీ పనికిరాదు కదా. బావర్చీఖానాకు 4000, సీఆర్ఐ 90 పైన ఉన్నది పెట్టాం. నెత్తిన ఒక్కటే ఉంటే మన నీడ మన చేతుల మీదే పడుతుంది. అందుకే పొయ్యి పైన అల్మారీ కింద ఇంకో చిన్న పట్టీ లైటు పెట్టించాం. ఇప్పుడు గరిటె కిటికీ దాకా వెళ్లడం లేదు.

బట్టల దుకాణంలో ఆడవాళ్లు ఓఢ్నీని బయట ఎండలోకి తెచ్చి చూసేది కూడా ఇందుకే. ఒక వెలుగులో జత కుదిరిన రెండు రంగులు ఇంకో వెలుగులో విడిపోతాయి. సోనా దుకాణాల్లో బంగారం మీద పసుపు వెలుగు, వజ్రాల మీద తెల్లటి వెలుగు వేస్తారు. వ్యాపారులందరికీ తెలిసిన హునర్ ఇది. ఇంట్లో మనకే తెలియదు.

హాలు దగ్గర అసలు గొడవ వచ్చింది. ఆపా కూతురికి ఒక రిష్తా వచ్చింది. ఆపా ఇల్లు చిన్నది, మెహమాన్లను మా హాల్లోనే కూర్చోబెట్టాలి. రంగులు వేయించింది కూడా సగం అందుకే. పిల్ల ఎమ్మెస్సీ చేసింది, స్కూల్లో ఉస్తానీగా చెబుతోంది. సాఁవ్లా రంగు, మా అందరి రంగే. ఆపా వచ్చి నా చేయి పట్టుకుని మెల్లగా అంది, "హాల్ మే వైట్ హీ లగా రే. పీలే మే లడ్కీ కా రంగ్ దబ్ జాతా."

ఆపాకు నేను చెప్పింది ఇదీ. మన చర్మం కింద ఎరుపు ఉంటుంది. చౌక తెల్ల బల్బు ఆ ఎరుపును మింగేసి మొహాన్ని బూడిద రంగులోకి దించుతుంది. రాత్రిపూట ఆస్పత్రి వరండాలో ఎవరి మొహమైనా బీమార్‌గా కనపడేది రోగం వల్లే కాదు, నెత్తినున్న ట్యూబు వల్ల కూడా. 3000 దగ్గర, సీఆర్ఐ బాగున్న వెలుగు, అది కూడా నెత్తి మీంచి కాక గోడ పక్కల నుంచి పడితే మనిషి మొహం మనిషి మొహంలా ఉంటుంది. ఆపా అనుమానంగానే విన్నది.

పక్కన చాయ్ పోస్తున్న పిల్ల అప్పుడు అంది, "మామూ, వాళ్లు నన్ను చూడటానికి వస్తున్నారా, బల్బును చూడటానికా?"

ఎవరం జవాబు చెప్పలేదు. కాసేపాగి తనే అంది, "పగలు రమ్మనండి. కిటికీ తెరిచి పెడదాం."

అసర్ తర్వాత వచ్చారు. పడమటి కిటికీలోంచి ఎండ ఫర్ష్ మీద పరుచుకుని ఉంది. బల్బు వేయాల్సిన అవసరమే రాలేదు. పిల్ల వాళ్లతో స్కూలు గురించి, పిల్లల గురించి నవ్వుతూ మాట్లాడింది. రిష్తా కుదరలేదు. రంగు వల్ల కాదు. వెళ్లేటప్పుడు మెట్ల మీద నిలబడి జహేజ్ సంగతి ఎత్తారు. ఆ మెట్ల మీద బల్బు అప్పటికింకా పెట్టలేదు.

హాలుకు 3000 పెట్టాం. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే చోటు అది, హిసాబ్-కితాబ్ రాసే చోటు కాదు.

ఇక నిద్ర. నాది నైట్ డ్యూటీ. డెస్కు మీద నెత్తిన తెల్ల వెలుగు, ఎదురుగా తెల్ల స్క్రీను. ఎడిషన్ పంపి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట, రెండు. కళ్లు మండుతుంటాయి గానీ నిద్ర రాదు. కంటి వెనక చూపుతో పెద్దగా సంబంధం లేని కొన్ని కణాలున్నాయని 2002 ప్రాంతంలో తేలింది. పగలా రాత్రా అని మెదడుకు ఖబర్ పంపడం వాటి పని. వాటిని ఎక్కువగా కదిలించేది నీలం వైపు వెలుగు. అది పడినంతసేపు ఇంకా పగలే అని చెబుతూ ఉంటాయి. నిద్రను పిలిచే మెలటోనిన్ ఆగిపోతుంది. రంగు ఒక్కటే కాదు, వెలుగు ఎంత అన్నదీ ముఖ్యమే. పసుపు బల్బు అయినా గదంతా పట్టపగలులా వెలిగిస్తే నిద్రను ఆపుతుంది.

మా అమ్మాయికి పరీక్షలు. అర్ధరాత్రి దాకా చదువుతుంది. చదివేటప్పుడు టేబుల్ మీద 4000 ల్యాంపు, గదిలో వెనక చిన్న 2700. చదువు అయ్యాక ల్యాంపు ఆర్పేసి ఆ చిన్నదాంట్లో పావుగంట. చీకటి గదిలో టేబుల్ మీద ఒక్కటే వెలిగినా కళ్లు అలసిపోతాయి. పడక గదులన్నిటికీ 2700 పెట్టాం. నేనొచ్చే వేళకు హాల్లో ఒక్క చిన్న లైటు తప్ప మిగతావన్నీ ఆర్పి ఉంటాయి. అది అమ్మీ పని. పడుకునే ముందు చిరాగులు ఆర్పేయమని హదీసులో ఉందని, ఎలుక వత్తిని లాక్కెళ్లి ఇల్లు తగలబెడుతుందని చిన్నప్పుడు చెప్పేది. ఇప్పుడు వత్తీ లేదు, ఎలుకా లేదు. ఆర్పడం మాత్రం మంచిదే.

అమ్మీ మంచం నుంచి గుసల్‌ఖానా దాకా మాత్రం నేల దగ్గర చిన్న పసుపు లైట్లు రాత్రంతా ఉంటాయి. ఈ వయసులో పడితే తుంటి విరుగుతుంది. కళ్లు మిరుమిట్లు గొలపకుండా గడప కనిపిస్తే చాలు. సెహ్రీకి బావర్చీఖానాలో తెల్లటి వెలుగు, దస్తర్‌ఖాన్ దగ్గర పసుపు. తిని, ఫజర్ చదివి మళ్లీ గంటసేపు పడుకునే పిల్లలకు ఈ ఏర్పాటు బాగా కుదిరింది.

కొనడానికి వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. వాట్లు చూడకండి, అది కరెంటు లెక్క. వెలుగు లెక్క ల్యూమెన్లు. పాత అరవై వాట్ల బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ దాన్ని దాటుతుంది. ఒకే గదిలో ఒకే పనికి రెండు రంగులు కలపకండి, ఒకటి మురికిగా కనిపిస్తుంది. డబ్బా మీద సీఆర్ఐ రాయని బల్బును బావర్చీఖానాకు, ముసలివాళ్ల గదికి తేకండి. దుకాణంలో వెలిగించి ఫోను కెమెరా పెట్టి చూడండి. తెర మీద నల్లటి చారలు కదులుతుంటే అది కంటికి కనపడకుండా మిణుకుతున్నట్టే. కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది. అన్నిటికంటే ముందు, ఆ గదిలో ఎవరు కూర్చుంటారు, ఏ వేళకు, ఏ పని చేస్తారు, వాళ్ల కళ్లెలా ఉన్నాయి అని ఇంట్లో అడగండి.

ఈద్ తర్వాత అమ్మీ షుగర్ అదుపులోకి వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. పట్టీ తీసిన మర్నాడు మంచం మీద కూర్చుని ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూసుకుని గోడను చూస్తోంది. "ఏక్ ఆంఖ్ మే వైట్, ఏక్ ఆంఖ్ మే ఎల్లో. అందర్ కౌన్సా బల్బ్ లగాయే రే డాక్టర్?" అని నవ్వింది. ఆపరేషన్ అయిన కంట్లో పసుపుబారిన పాత కటకం పోయి కొత్తది వచ్చింది. ఆ కంటికి గోడ తెల్లగా, కొంచెం నీలంగా కనిపిస్తోంది. ఆపరేషన్ కాని కంటికి అదే గోడ పాత కాగితంలా ఉంది. ఇన్నేళ్లుగా ఆమె మా అందరినీ ఆ పసుపులోంచే చూసింది. ఒకే బల్బు కింద కూర్చున్నా మేం చూసిన ఇల్లు వేరు, ఆమె చూసిన ఇల్లు వేరు.

రెండో కంటికి వచ్చే నెల. అది కూడా అయ్యాక ఆ ల్యాంపు దగ్గర మూడు బల్బులతో మళ్లీ కూర్చోవాలి. ఆమెకు ఈసారి 4000 మరీ తెల్లగా అనిపించొచ్చు, 2700లోనే జేర్, జబర్ కనపడొచ్చు. పాత బల్బులు డబ్బాల్లో అలాగే దాచి పెట్టాను.